మా నాలుకకు ధర కట్టేదెవరు?

“ఈ భాష చదివితే ఏమొస్తుంది?” ఇళ్లల్లో, బడుల్లో, సెక్రటేరియట్‌లో ఇప్పుడు ఒకటే ప్రశ్న. ఏం జ్ఞానమొస్తుందని అడగరు, ఎంత జీతమొస్తుందని అడుగుతారు. 1991 తర్వాత బియ్యానికీ, నీళ్లకీ, వైద్యానికీ ధర కట్టిన చేతులే భాషనూ తక్కెడలో పెట్టాయి. అందులో ఇంగ్లీషు బరువు తూగింది, తెలుగు తేలిపోయింది. ఉర్దూను తక్కెడ దాకా రానివ్వనే లేదు.

మేము రెండు నాలుకల మనుషులం. తెలుగులో ఆ మాటకు మోసమని అర్థం. మాకు మాత్రం అది బతుకు. ఇంట్లో దక్కనీ, గల్లీ దాటితే తెలుగు. మాలోనే దూదేకుల ఇళ్లల్లో అమ్మ భాషే తెలుగు. అయినా ఉర్దూ అంటే ముస్లిం, ముస్లిం అంటే ఉర్దూ అని ముద్ర గుద్దారు. నిన్న ‘ముల్లాల భాష’ అన్న నోళ్లే ఇవాళ ‘పనికిరాని భాష’ అంటున్నాయి. మాట మారింది, వెలి మారలేదు.

పనికిరావడమన్నది భాష పుట్టుకతో తెచ్చుకునే గుణమా? 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీలో వైద్యం, ఇంజనీరింగ్, న్యాయశాస్త్రం ఉర్దూలోనే చెప్పారు. దానికి ఏడాది ముందే మొదలైన దారుల్ తర్జుమా పాఠ్యపుస్తకాలు తర్జుమా చేసి పెట్టింది. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత అక్కడ ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఉర్దూలో మాటలు ఎండిపోయి కాదు, వెనకున్న రాజ్యం కూలిపోయి. దీన్ని నిజాం భజన అనుకోవద్దు. ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగు వెనక పీట మీద కూర్చోవాల్సొచ్చింది. అప్పుడు దర్బారు ధర కట్టింది, ఇప్పుడు బజారు కడుతోంది.

ఆ బజారు తెలుగును మాత్రం వదిలిందా? ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా వేలాది పిల్లలు సంస్కృతం తీసుకుంటున్నారు. కాళిదాసు మీద ప్రేమతో కాదు, మార్కులు బాగా పడతాయని. అది తెలుగుకు అవమానం, సంస్కృతానికీ అవమానమే. బస్టాండులో ఉర్దూ బోర్డు కనబడితే ఉలిక్కిపడే భాషాభిమానులు, కార్పొరేట్ కాలేజీ తెలుగును గేటు బయట నిలబెడితే నోరు మెదపరు. ఎందుకంటే ఆ కాలేజీలో వాళ్ల పిల్లలే ఉన్నారు.

ఇంగ్లీషునైనా సరిగా నేర్పుతున్నారా? అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగుల్లో నేర్పేది ఇంటర్వ్యూ ఇంగ్లీషు. తనను తాను మూడు నిమిషాల్లో అమ్ముకోవడం నేర్పుతారు. 2000ల కాల్ సెంటర్లలో యాస మార్చారు, పేరూ మార్చారు. అమెరికా కస్టమర్ కోసం ఖాదర్ కెవిన్ కావాలి, లక్ష్మి లూసీ కావాలి. ఎదురు ప్రశ్న అడిగే వాక్యం ఆ సిలబస్‌లో ఉండదు. నౌకరుకు ఎంత భాష కావాలో అంతే కొలిచి పోస్తారు.

“పైకులాల పిల్లలకు కాన్వెంట్లు, మా పిల్లలకు మాతృభాష నీతులా?” అని దళిత బహుజన మిత్రులు అడుగుతారు. కంచ ఐలయ్య ఏళ్లుగా ఇదే అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. మాదీ అదే ప్రశ్న. పాతబస్తీ పిల్లకూ ఇంగ్లీషు కావాలి. కానీ మీడియం మార్చడం వేరు, భాష నేర్పడం వేరు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంగ్లీషు మీడియం జీవో తెచ్చింది. 2020లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2022లో తెలంగాణ సర్కారు బడులూ అదే బాట పట్టాయి. నిన్నటిదాకా తెలుగులో, ఉర్దూలో లెక్కలు చెప్పిన టీచర్ను ఇవాళ ఇంగ్లీషులో చెప్పమంటే పిల్లకు లెక్కా రాదు, ఇంగ్లీషూ రాదు.

ఇక ఉర్దూకు దక్కిన గౌరవం చూడండి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రెండో అధికార భాష అన్నారు. బోర్డు మీద గౌరవం, బడిలో కరువు. ఎస్సీ, ఎస్టీ రోస్టర్‌లోకి వెళ్లిన ఉర్దూ మీడియం టీచరు పోస్టులు అభ్యర్థులు దొరక్క ఖాళీగా మిగులుతున్నాయి. తప్పు రిజర్వేషన్‌ది కాదు. దళిత పిల్లలకు ఉర్దూ నేర్చుకునే దారి చూపని చదువుది. టీచరు లేకపోతే పిల్లలు రారు. పిల్లలు రాకపోతే బడి గిట్టుబాటు కాదంటారు. ముందు గొంతు నొక్కి, తర్వాత “మాట పడిపోయింది” అని సర్టిఫికెట్ ఇస్తారు.

సెక్యులర్ మిత్రులారా, ముషాయిరాలో వాహ్‌వా అనడానికీ, ఇఫ్తార్ విందులో టోపీ పెట్టుకోవడానికీ మీకు ఉర్దూ ముద్దు. బడి బడ్జెట్ దగ్గర మాత్రం మీరు మాట్లాడరేం?

మేము అడిగేది దానం కాదు. ఇంగ్లీషు ధనికుల పిల్లలకు ఎంత బాగా వస్తుందో మా పిల్లలకూ, దళిత పిల్లలకూ అంత బాగా రావాలి. ఉర్దూ మీడియం పిల్లకు మంచి తెలుగు, కోరుకున్న తెలుగు పిల్లకు ఉర్దూ సర్కారు బడిలోనే దొరకాలి. ఖాళీ పోస్టులు నింపాలి. లాభం లేదని ఇవాళ భాషను మూసేస్తే చూస్తూ ఊరుకున్నవాళ్లకు ఒకటే మాట: రేపు అదే తక్కెడ మీద నిలబెట్టేది మనుషుల్నే.