పాడినవాళ్ల పేరేదీ?

మా నెల్లిమర్లలో గొల్లలు ఆడిపాడే తప్పెటగుళ్లు మొదలైతే చాలు, ఫోన్లు పైకి లేస్తాయి. గుండెకు కట్టుకున్న రేకు తప్పెట, కాళ్ల గజ్జెలు, గురువు ఎత్తుకునే పాట అన్నీ రికార్డవుతాయి. ఆనక నిమిషం ముక్క కోసి, మీద సినిమా బాణీ అతికించి పంచుతారు. పాడినవాళ్ల పేరుండదు, ఊరుండదు. రేపు ఆ దరువుతో కొత్త నాటకం కట్టే కుర్రాడికి ఆ ముక్కవల్ల ఒరిగేదేమిటి?

పక్కనే విజయనగరంలో 1919లో పుట్టిన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. అక్కడే పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు ఫిడేలు గ్రామఫోను రికార్డులకెక్కబట్టే ఈనాటికీ వింటున్నాం, ఆయన పేరుతోనే వింటున్నాం. గొల్ల కళాకారులకూ ఆ మర్యాద దక్కాలి. పూర్తి పాట, పేరు, ఊరు, తేదీలతో డిజిటల్ భాండాగారం ఆ కళాశాలలోనే తెరవాలి. అందులోని వాళ్ల గొంతుల్ని కృత్రిమ మేధ శిక్షణకు అప్పగించేముందు వాళ్లనే అడగాలి, డబ్బూ ఇవ్వాలి.