గుడ్డు మానమంటున్నారు, ఎవరిని?

ఈ మధ్య మన పేటల్లో ఒక మాట బాగా తిరుగుతున్నది. గుడ్డు తింటే కొలెస్ట్రాల్ పెరుగుతుందట, గుండె ఆగిపోతుందట. సెల్‌ఫోనులో ఎవరో చెబుతారు, ఊళ్ళో సూదిమందు వేసే డాక్టరు అవునంటాడు, దాంతో అది వేదవాక్కయి కూర్చుంటుంది. మిరప కోతలకు పోయే ఒక అక్క బీపీ చూపించుకుంటే గుడ్లు మానెయ్యమన్నారు. తాను మానడమే కాదు, ఏడో నెల కడుపుతో ఉన్న కోడలికి అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లను కూడా పక్కింటికి ఇచ్చేస్తున్నది. ఆ ఇంట్లో పచ్చడి మెతుకుల్లో ఉప్పు తగ్గలేదు, పామాయిలు పునుగులు ఆగలేదు. ఆగింది గుడ్డొక్కటే.

కాబట్టి ఈ సంగతేమిటో మనమూ తెలుసుకోవాలి. డాక్టర్ల విద్య మనకెందుకని వదిలెయ్యకూడదు. కూలి లెక్క నేర్చుకున్నట్టే ఒంటి లెక్కా నేర్చుకోవాలి.

కొలెస్ట్రాల్ విషం కాదు. ఒంట్లో ప్రతి కణానికీ అవసరమైన కొవ్వులాంటి పదార్థం. మనకు కావలసిన దాంట్లో ఎక్కువ భాగాన్ని ఒళ్ళే తయారు చేసుకుంటుంది, అందులో కాలేయానిది పెద్ద వాటా. తిండిలో కాస్త ఎక్కువొస్తే చాలామందిలో కాలేయం తన తయారీ తగ్గించుకుంటుంది. ఒక గుడ్డులో ఇది సుమారు 200 మిల్లీగ్రాములు, అదంతా పచ్చసొనలోనే. నిజానికి రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను అంతకంటే ఎక్కువగా పెంచేవి డాల్డా, నెయ్యి, పామాయిలు లాంటి వాటిలో ఉండే సంతృప్త కొవ్వులు. పామాయిల్లో దాదాపు సగం ఆ జాతి కొవ్వే. గుడ్డులో సుమారు ఒకటిన్నర గ్రాములు.

మరి ఈ భయం ఎక్కడ పుట్టింది? 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్ళకు కొలెస్ట్రాల్ తినిపిస్తే వాటి రక్తనాళాలు పూడుకుపోయాయి. గడ్డి తినే జీవి కుందేలు! దాని ఒంట్లో జరిగింది మనిషి ఒంట్లోనూ అచ్చం అలాగే జరగాలని లేదు గదా. 1968లో అమెరికా హార్ట్ అసోసియేషన్ వారానికి మూడు పచ్చసొనలు మించొద్దంది, రోజుకు 300 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. 2015 నాటి అమెరికా ఆహార సూత్రాల్లో ఆ 300 అంకెను తీసేశారు. అలాగని ఎన్నైనా మింగమనీ చెప్పలేదు. షుగరున్నవాళ్ళు, గుండెజబ్బున్నవాళ్ళు, ఇంటి వరసలో కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ళు రక్తపరీక్ష చేయించుకుని, చదువుకున్న డాక్టరు చెప్పిన లెక్క పాటించాల్సిందే. అది వాళ్ళ మాట. చంటిబిడ్డ తల్లికీ, బడి పిల్లాడికీ దాన్ని అంటగట్టడమెందుకు?

ఆ హద్దు మాంసం, వెన్న తెగతినే దేశంలో పుట్టింది. మనవాళ్ళ పళ్ళెం చూడండి. బియ్యం, కారం, పలచటి చారు. 2019–21 కేంద్ర ప్రభుత్వ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత. అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రలో నూటికి 31, తెలంగాణలో 33 మంది. గుడ్డొక్కటే రక్తం పట్టిస్తుందని నేననను, దానికి ఆకుకూర, పప్పు, ఐరన్ మాత్ర కూడా కావాలి. కానీ ఒక్క గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు, ఏ కూరగాయలోనూ దొరకని బి12 విటమిన్ ఉన్నాయి. బియ్యంలో కొరవడిన దాన్ని గుడ్డు పూడుస్తుంది.

ఇక కొనుక్కుందామా? గుడ్డు ఏడు రూపాయలనుకున్నా అయిదుగురున్న ఇంట్లో తలా ఒకటంటే రోజుకు 35, నెలకు వెయ్యి దాటుతుంది. పని పది పదిహేను రోజులు దొరికే ఇంట్లో అదెక్కడి మాట? దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్ర మొదటిది. మన కూలోళ్ళు పండించిన మొక్కజొన్న, మనం ఆడించిన నూకలు మేసి కోళ్ళు పెట్టిన గుడ్లు లారీలెక్కి బెంగాలుకూ అస్సాముకూ పోతున్నాయి. షెడ్డులో రెట్ట ఎత్తే మనిషి ఇంట్లో మాత్రం గుడ్డు పండగ కూర!

అందుకే బడి గుడ్డు, అంగన్‌వాడీ గుడ్డు మనకు ముఖ్యం. వాటిమీదే కొందరి కన్ను. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ అంగన్‌వాడీల్లో గుడ్లు పెట్టనివ్వనన్నాడు. అప్పుడు ఆచారం పేరు చెప్పారు. 2022లో కర్ణాటకలో కొత్త విద్యావిధానం కోసం వేసిన ఒక బృందం భాష మార్చింది: మధ్యాహ్న భోజనంలో గుడ్లొద్దు, కొలెస్ట్రాల్ లేని తిండి పెట్టాలి, లేకుంటే ఊబకాయమట. ఎముకల గూళ్ళలాంటి పిల్లలకు ఊబకాయమా! 2025 జనవరిలో మహారాష్ట్ర ప్రభుత్వం బడి గుడ్లకిచ్చే డబ్బే ఆపేసింది. ఆచారమనండి, ఆరోగ్యమనండి, ఖజానా అనండి, చివరికి ఖాళీ అయ్యేది పేదపిల్లల పళ్ళెమే. గుడ్డు తిననివాళ్ళ పిల్లలకు పండో పాలో ఇవ్వండి, మనకు అభ్యంతరం లేదు. తినేవాళ్ళ చేతిలోది లాక్కోవద్దు.

మన దగ్గర గుడ్డు కాగితం మీద ఉంది. బళ్ళో కొన్ని రోజులు పెట్టి కొన్ని రోజులు ఎగ్గొడతారు, కొన్నిచోట్ల గోళీకాయంతటివి వస్తాయి. వంటచేసే అక్కలు అప్పుతెచ్చి గుడ్లు కొంటే బిల్లులు నెలల తరబడి రావు. సంఘం మనుషులు వారానికొకసారి బడికీ, అంగన్‌వాడీకీ పోయి ఎన్ని గుడ్లొచ్చాయి, ఎందరు పిల్లలకు పెట్టారు అని నోటుపుస్తకంలో రాసుకోండి. కుళ్ళినవి వస్తే పదిమంది ముందు తిరగ్గొట్టి కాగితం రాయించండి. ఆ పుస్తకం తీసుకెళ్ళి గ్రామసభలో చదవండి. వంట అక్కలకు ఎన్ని నెలల బిల్లు బాకీ ఉందో కూడా ఆ సభలోనే సెక్రటరీ చేత చెప్పించండి.