బొమ్మకారు బ్యాటరీ: ఎవరి బాధ్యత?

దూరమునుండి నడపబడు బొమ్మకార్లు నేడు మన విద్యార్థులలో పెక్కుమందికి ప్రీతిపాత్రములైన యాటవస్తువులు. ఇవి కాలక్షేపమునకే గాక యంత్రపరిజ్ఞానమునకును తోడ్పడునని మే మంగీకరించుచున్నాము. కాని కారు వేగమునుగూర్చి గంటలకొలది ముచ్చటించు బాలబాలికలు దానికి ప్రాణమైన బ్యాటరీనిగూర్చి యొక్క నిమిషమైనను ఆలోచింపరు. ఛార్జి చేయుట పెద్దల పని యని పిల్లలును, అది పిల్లల యాట గొడవ యని పెద్దలును తలంచి యూరకుందురు. ఇట్లు ఎవరికిని చెందని పని యగుటచేతనే బ్యాటరీ చెడుచున్నది. ఒక్కొక్కప్పుడు ఇంటికి నిప్పును దెచ్చుచున్నది. కారు నడపు విద్యార్థియే బ్యాటరీ సంరక్షణమును నేర్చుకొనవలెననియు, దానిని నేర్పుట తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును విధి యనియు మా యభిప్రాయము.

మరల మరల ఛార్జి చేయదగిన బ్యాటరీ క్రొత్త వస్తువు కాదు. 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే సీసముతో నట్టి బ్యాటరీని నిర్మించెను. 1899లో స్వీడను దేశీయుడగు వాల్డెమార్ యుంగ్నర్ నికెల్-కాడ్మియం బ్యాటరీని కనుగొనెను. లిథియం అయాన్ బ్యాటరీలు 1991లో విపణికి వచ్చెను. బొమ్మకార్లు చాలకాలము నికెల్-కాడ్మియం బ్యాటరీలతో నడచినవి. ఇప్పుడు నికెల్ మెటల్ హైడ్రైడ్, లిథియం జాతులవి వాడుకలో నున్నవి.

ఒక జాతికి హితమైనది మరియొక జాతికి హితము కాదు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసిన పిమ్మటనే ఛార్జి చేయవలెనను మాట నికెల్-కాడ్మియం కాలము నాటిది. పెద్దన్న చెప్పినాడని దానినే లిథియం బ్యాటరీకి అన్వయించినచో కీడు కలుగును. సాధారణ లిథియం పాలిమర్ సెల్లు 4.2 వోల్టులతో నిండును. 3 వోల్టులకు దిగువకు పోయినచో నది శాశ్వతముగ చెడవచ్చును. కావున కారు వేగము తగ్గినతోడనే యాట నిలుపవలెను. అలవాటుగ వచ్చిన మాటను కారణ మడిగి గ్రహించుట విద్యార్థి లక్షణము.

ఇక ఛార్జి చేయు విధానము. బ్యాటరీ జాతికి తగిన ఛార్జరునే వాడవలెను. నికెల్ ఛార్జరుతో లిథియం బ్యాటరీని ఎన్నడును ఛార్జి చేయరాదు. తయారుచేసినవారు వేరుగ చెప్పనిచో, 2000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీకి 2 ఆంపియర్లకు మించని ప్రవాహము చాలును. గంటయో, మరికొంతసేపో పట్టును. రెండు మూడు సెల్లులు గల లిథియం బ్యాటరీకి సన్నని తీగెలతో మరియొక చిన్న ప్లగ్గు ఉండును. దానినికూడ ఛార్జరునకు తగిలించినచో ప్రతి సెల్లును సమముగ నిండును. లేనిచో నొకటి నిండకుండగనే మరియొకటి మితిమీరును. ఆట ముగిసినప్పుడు బ్యాటరీ వేడిగ నుండును. చల్లారిన పిదపనే ఛార్జి చేయవలెను. పరుపుమీదను, తెరలచెంతను గాక సిమెంటు నేలపై నుంచి, మేలుకొనియున్న పెద్దలు కనిపెట్టుచుండవలెను. పడుకొనబోవుచు ప్లగ్గు పెట్టి నిద్రించుట మిక్కిలి ప్రమాదకరము. ఉబ్బిన బ్యాటరీని ఛార్జి చేయరాదు, గ్రుచ్చరాదు.

పరీక్షల దినములలో కారును మూలనుంచునప్పుడు బ్యాటరీని విడదీసి, లిథియం దైనచో సెల్లునకు సుమారు 3.8 వోల్టులుండునట్లు సగము నింపి, చల్లని చోట దాచవలెను. మన వేసవిలో రేకుల కప్పు క్రిందను, ఎండలో నిలిపిన మోటారులోను ఉంచుట దాని యాయువును హరించును. చెడిన బ్యాటరీని చెత్తకుప్పలోను మంటలోను వేయరాదు, కాడ్మియము విషలోహము. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను భారత ప్రభుత్వము 2022లో ప్రకటించిన నియమములు ఉత్పత్తిదారులపై నుంచినవి. కావున పాత బ్యాటరీని సేకరణకేంద్రమునకు చేర్చుటయే తగినది.

ఇంత యపాయకరమైన వస్తువును పిల్లలకు దూరముగ నుంచుటయే మేలని కొందరందురు. వారి భయము నిర్హేతుకము కాదు. కాని చేతిఫోనునందును, విద్యుత్తు స్కూటరునందును ఉన్నది లిథియం బ్యాటరీయే. దానిని పిల్లలనుండి దాచుట సాధ్యము కాదు. మచ్చిక చేసికొనుట నేర్పుటయే సాధ్యము. అందుకు బొమ్మకారుకంటె చవుకైన పాఠ్యపరికరము దొరకదు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి: రెండవ కారును కొనుటకు ముందు మంచి ఛార్జరును కొనుడు. విద్యార్థులారా! ఒక చిన్న పుస్తకమున ఛార్జి చేసిన తేదీని, పట్టిన కాలమును, ప్రతి సెల్లు వోల్టులను వ్రాసికొనుడు. రెండు నెలలలో మీ బ్యాటరీ గుణమును మీరే చదువగలరు. విజ్ఞానశాస్త్రపు తరగతిలో నా పుస్తకములను పరిశీలించుటకు ఉపాధ్యాయులు ఒక గంటను కేటాయించినచో అది వృథా కాదు. వేగముగ నడపువాడు నేర్పరి యనిపించుకొనును. తన వస్తువును చెడకుండ కాచుకొనువానికి మాత్రమే దానికంటె పెద్ద వస్తువును నమ్మి యప్పగింపవచ్చును.