పదేళ్ల పిల్లల్ని విడదీయకండి!
బవేరియాలోని తెలుగు తల్లిదండ్రులకు విజ్ఞప్తి

మే మొదటి వారంలో ఆ మార్కుల కాగితం మళ్లీ ఇళ్లకు చేరింది. నాలుగో తరగతిలో జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం కలిపి సగటు 2.33 వస్తే గిమ్నాజియుం, 2.66 అయితే రియాల్‌షూలే, అదీ రాకపోతే మిట్టెల్‌షూలే. ఇక్కడ 1 అంటే అందరికన్నా మేలు. 2, 2, 3 వచ్చిన పిల్లకు యూనివర్సిటీ దారి తెరుచుకుంటుంది. 2, 3, 3 వచ్చిన పిల్లకు ఆ తలుపు నేరుగా తెరుచుకోదు. తేడా ఒక్క సబ్జెక్టులో ఒక్క మెట్టు! ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు ఆ మెట్టు ఎక్కడ జారుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇది తెలివిని కొలిచే పద్ధతి కాదు, అంతస్తును కాపాడుకునే పద్ధతి. ఒకప్పుడు డబ్బున్నవాళ్ల పిల్లలు ఒకటో తరగతి నుంచే వేరే బడుల్లో చదివేవారు. 1920లో వైమార్ ప్రభుత్వం చట్టం చేసి నాలుగేళ్లపాటు అందర్నీ ఒకే బడిలో కూర్చోబెట్టింది. వందేళ్లు దాటినా బవేరియా ఆ నాలుగు దగ్గరే ఆగిపోయింది. ఉమ్మడి బడి కమ్యూనిస్టుల సరుకని ఇప్పటికీ ప్రచారం చేస్తారు. పచ్చి అబద్ధం. 1947లో జర్మనీని పాలిస్తున్న మిత్రరాజ్యాల మండలి తరఫున 54వ ఆదేశం ఇచ్చి ఉమ్మడి బడి కోరినవాళ్లలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ కూడా ఉన్నాయి. బవేరియాలో దానికి అడ్డం తిరిగింది విద్యామంత్రి అలోయిస్ హుండ్‌హామర్. 2010లో హాంబర్గ్ శాసనసభలోని పార్టీలన్నీ ఒప్పుకుని ప్రాథమిక విద్యను ఆరేళ్లు చేయబోతే, జూలై 18న ప్రజాభిప్రాయ సేకరణలో ఓడించారు. ఆ మార్పు ఎవరికి ఎక్కువ అవసరమో ఆ వలస కుటుంబాల్లో ఎందరికో పౌరసత్వం లేక ఓటే లేదు. దీన్ని ప్రజల తీర్పంటే మేం ఒప్పుకోం.

అందర్నీ కలిపి చదివిస్తే తెలివైన పిల్లలు వెనకబడతారట! ఫిన్లండ్‌లో పదహారేళ్ల దాకా ఒకే బడి. 2001లో పీసా అనే అంతర్జాతీయ విద్యా పరీక్ష మొదటి ఫలితాలు వచ్చినప్పుడు చదవడంలో ఫిన్లండే ముందుంది, జర్మనీ సగటుకన్నా కిందుంది. 2022 పీసాలో జర్మనీకి లెక్కల్లో వచ్చింది 475. ఇంత తక్కువ మునుపెన్నడూ రాలేదు. తర్వాత బడి మారొచ్చు కదా అంటారు. జర్మనీ మొత్తం మీద మారేవాళ్లలో పైకి ఎక్కేవాళ్లకన్నా కిందికి దిగేవాళ్లే ఎక్కువ, ఇక ఆ మాట వదిలేద్దాం. మనవాళ్లలోనే కొందరు “మావాడికి సీటొచ్చింది, మాకెందుకు?” అంటున్నారు. ఈ మాటే ఎక్కువ బాధపెడుతోంది. సామర్థ్యం ఒకటే అయినా, పెద్ద చదువులు చదివినవాళ్ల పిల్లలకే గిమ్నాజియుం సిఫారసు ఎక్కువగా దక్కుతోందని జర్మన్ పరిశోధకులే చూపించారు. మన ఇళ్లలో డిగ్రీలున్నాయి. అదే తరగతిలో కూర్చున్న టర్కీ కార్మికుడి కూతురికి ఆ ఆసరా లేదు.

బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో ప్రాథమిక విద్య ఆరేళ్లు. కనీసం అంతైనా బవేరియాలో కావాలి. ఇక్కడి రాజ్యాంగం 115వ అధికరణం ప్రకారం బవేరియాలో నివసించే ఎవరైనా శాసనసభకు అర్జీ పెట్టుకోవచ్చు, పౌరసత్వంతో పనిలేదు. బడిలోని తల్లిదండ్రుల మండలికి పోటీ చేయడానికీ పాస్‌పోర్టు అడ్డురాదు. ఆరేళ్ల ప్రాథమిక విద్య కోరుతూ మేం పెడుతున్న అర్జీ మీద సంతకం చేయండి. సెప్టెంబరులో బడులు తెరవగానే మండలి ఎన్నికల్లో నిలబడండి, ఈ డిమాండును మొదటి సమావేశంలోనే పెట్టండి.