బురద ఎరువుకి లెక్క చూపండి

మా కాలనీ పార్కుకి ఒకాయన మురుగుశుద్ధి కేంద్రం బురదతో చేసిన కంపోస్టు బస్తాలు తెచ్చాడు. ఒక పెద్దాయన వెంటనే అడ్డుపడ్డాడు. "మనుషుల మలం తులసికోటలో వేస్తారా?" అని. రోజూ వాకిట్లో పేడ కళ్ళాపి చల్లించేటప్పుడు ఆయనకి ఈ మైల గుర్తు రాదు. పేడలోనూ రోగక్రిములుంటాయి. బాక్టీరియాకి గోత్రాలుండవు.

అమ్మకందారుది ఇంకో మూఢనమ్మకం. "ప్రకృతిసిద్ధమైనది సార్, ఏ హానీ ఉండదు" అన్నాడు. ఏలికపాములు మాత్రం ప్రకృతిసిద్ధం కావా?

కంపోస్టు అంటే కుప్ప పోసి మంత్రం వెయ్యడం కాదు. బురదలో నీరు ఎక్కువ, నత్రజనితో పోలిస్తే కర్బనం తక్కువ. అందుకని రంపపు పొట్టో చెక్క ముక్కలో కలిపి గాలి ఆడేలా చెయ్యాలి. అప్పుడు సూక్ష్మజీవులు దాన్ని తింటూ కుప్పని వేడెక్కిస్తాయి. రోగక్రిముల్ని చంపేది ఆ వేడే. అమెరికాలో 1993లో వచ్చిన నిబంధనల ప్రకారం వరస కుప్పలైతే 15 రోజులపాటు 55 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకూడదు, ఆ రోజుల్లో కనీసం 5 సార్లు తిరగెయ్యాలి. లేకపోతే పైపొర చల్లగా ఉండిపోతుంది, అందులో ఏలికపాము గుడ్లు బతికిపోతాయి. మా పార్కులో పిల్లలు మట్టిలో ఆడతారు. ఉష్ణోగ్రతలు రాసిన పుస్తకం చూపించమన్నాను. లేదన్నాడు.

నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి. రసాయనశాస్త్రం పెద్దగా రాదు, నిల్వల లెక్క వచ్చు. కాడ్మియం, సీసం కుప్పలో ఆవిరైపోవు. పొట్టు కలిపిన 100 కిలోల ఎండు పదార్థంలో 40 కిలోలు కుళ్ళి గాలిలో కలిసిపోయిందనుకోండి. కాడ్మియమంతా మిగిలిన 60 కిలోల్లోనే ఉంటుంది. కిలోకి 3 మిల్లీగ్రాములున్నది 5 అవుతుంది. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నగర కంపోస్టుకి పెట్టిన హద్దు సరిగ్గా ఆ 5. పీఫాస్ రసాయనాలూ ఈ వేడికి విరిగిపోవు. అందుకే అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2022లో బురదని, బురద కంపోస్టుని కూడా నేలలో వెయ్యడం నిషేధించింది.

నేను బురద కంపోస్టుకి వ్యతిరేకిని కాను. ఫ్యాక్టరీల నీరు కలవని మురుగైతే, వేడి సరిగ్గా పట్టిస్తే, బురదని చెరువులోకి వదలడం కన్నా ఇది ఎంతో మేలు. ప్రతి లాటుకీ పరీక్ష రిపోర్టు ఉండాలి, అంతే.

బస్తాలు వెనక్కి పంపేశారు. మినిట్స్ పుస్తకంలో కారణం "అపవిత్రం" అని రాశారు. దాని కింద నేను అసమ్మతి రాసి సంతకం పెట్టాను: "కారణం – పరీక్ష రిపోర్టు లేదు."