పురానాపూల్ గదిలో మేం చేసిన తప్పు: డిస్లెక్సియా, ఆటిజం, మన పిల్లలు

ఇది కొంచెం పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇందులో మా తప్పు కూడా ఉంది.

పురానాపూల్ దగ్గర మేం ఆరుగురం ఒకే గదిలో ఉంటాం. నలుగురం లంబాడీలం, ఒకరు కోయ, ఒకరు గోండు. సాయంత్రం పూట చుట్టుపక్కల మనోళ్ల పిల్లలకు చదువు చెప్తాం. ఫీజు లేదు, చాయ్ మాత్రం వాళ్ల ఇళ్ల నుంచి వస్తది. ఆ పిల్లల్లో ఇద్దరు మగపిల్లలు, ఇద్దరికీ తొమ్మిదేళ్లు. ఇద్దరూ తండా నుంచి కూలికి వచ్చిన కుటుంబాల వాళ్లే, ఇద్దరికీ చదవడం రాదు. "తండా పిల్లలు కదా, ఇంట్లో చదివినోళ్లు లేరు, మెల్లగా వస్తది" అని ఇద్దరినీ ఒకే గాటన కట్టినం. కొన్నాళ్లకు ఓపిక పోయి ఒకడిని మొద్దు అని కూడా అన్నం. అది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మాలో సైకాలజీ చదివే అక్క ఒకామె ఊటా ఫ్రిత్ గురించి చెప్పాకే మా పద్ధతి మారింది. ఫ్రిత్ 1941లో జర్మనీలో పుట్టి, 1960లలో లండన్ వెళ్లి, అక్కడే పరిశోధకురాలిగా స్థిరపడ్డ మనిషి. ఆటిజం, డిస్లెక్సియా రెండింటి మీదా దశాబ్దాల పాటు పనిచేసింది. అప్పట్లో ఆటిజం ఉన్న బిడ్డను చూసి తల్లినే అనేవాళ్లు. తల్లి ప్రేమ చూపలేదు కాబట్టే బిడ్డ అలా అయ్యాడని పెద్ద పెద్ద డాక్టర్లే రాసేవాళ్లు. నేరం తల్లిది కాదని, బిడ్డ మెదడు పనిచేసే తీరే వేరని ప్రయోగాలతో చూపినవాళ్లలో ఫ్రిత్ ఒకరు. మన తండాల్లో, గూడేల్లో కూడా తల్లినే అంటారు కదా? గ్రహణం రోజు బయటికొచ్చిందని, మొక్కు తీర్చలేదని. లండన్ డాక్టర్ అన్నా, మన పెద్దమ్మ అన్నా ఆ మాట పడేది తల్లే.

1985లో సైమన్ బారన్ కోహెన్, అలన్ లెస్లీలతో కలిసి ఆమె చేసిన ప్రయోగం చాలా చిన్నది. రెండు బొమ్మలు. ఒక బొమ్మ గోలీని బుట్టలో పెట్టి బయటికి పోతది. రెండోది ఆ గోలీ తీసి పెట్టెలో పెడతది. మొదటి బొమ్మ తిరిగొచ్చి గోలీ కోసం ఎక్కడ వెతుకుతది? ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది పెట్టెనే చూపించారు. ఎదుటి మనిషికి తెలిసింది వేరు, నాకు తెలిసింది వేరు అన్న ఊహ వాళ్లకు తొందరగా అందదని దీన్నుంచి వాదించారు. తర్వాత ఈ వాదన మీద విమర్శలు వచ్చాయి. ఆటిజం ఉన్నవాళ్లకు మిగతావాళ్లు ఎంత అర్థం కారో, మిగతావాళ్లకు వాళ్లూ అంతే అర్థం కారని, లోపాన్ని ఒకవైపే చూపడం అన్యాయమని ఆటిజం ఉన్న పరిశోధకులే రాశారు. మాకూ ఆ మాట సబబుగానే అనిపిస్తుంది. ఎవరి మాట ఎవరికి అర్థం కావట్లేదన్నది ఎప్పుడూ బలమున్నవాడే తేలుస్తాడు, అది మనకు కొత్త కాదు.

మా ఇద్దరు పిల్లల సంగతికి పనికొచ్చింది మాత్రం డిస్లెక్సియా మీద జరిగిన పని. 2001లో 'సైన్స్' పత్రికలో ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇటాలియన్ చదివేవాళ్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. రాసినవాళ్లలో ఫ్రిత్ కూడా ఉంది. డిస్లెక్సియా ఉన్నవాళ్ల మెదడులో తేడా మూడు దేశాల్లోనూ ఒకేచోట కనిపించింది. కానీ ఇటలీవాళ్లు మిగతా ఇద్దరికన్నా బాగా చదివారు. ఎందుకంటే ఇటాలియన్‌లో రాసినట్టే పలుకుతారు. ఇంగ్లీషులో అట్ల కాదు, ఒకే అక్షరం నాలుగు చోట్ల నాలుగు రకాలుగా మోగుతది. అంటే ఇబ్బంది ఒకటే అయినా, ఎంత బాధ పెడుతుందన్నది బడి ఏ భాషలో చెప్తుందన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది.

దీన్ని మన గురుకులాల పక్కన పెట్టి చూడండి. ఇంట్లో గోర్ బోలీ, బజార్లో తెలుగు, ఇక్కడైతే ఉర్దూ కూడా, క్లాసులో ఇంగ్లీషు. తెలుగు కూడా రాసినట్టే పలికే భాషే, కాకపోతే గుణింతాలు, వత్తులు కలిపితే వందల ఆకారాలు. తెలుగు లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపి నేర్చుకునే పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన ఒకటుంది. మామూలు పిల్లలకే అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగైదు తరగతుల దాకా పడుతుందని అందులో తేలింది. అలాంటిది మూడో క్లాసుకే "వీడికి రాదు" అని తేల్చేస్తే ఎట్ల?

మేం ఆ ఇద్దరికీ పాఠం ముందు గోర్ బోలీలో చెప్పి, తర్వాత తెలుగులోకి రావడం మొదలుపెట్టినం. నాలుగు నెలల్లో ఒకడు అందుకున్నాడు. వాడికి అడ్డం ఉన్నది భాష ఒక్కటే. రెండోవాడు అక్కడే ఉన్నాడు. అమ్మ వంతెన మీద కొత్తిమీర, పాలకూర అమ్ముతది. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన ఆ రాతి వంతెన మీద నిలబడి, వీడు పది మందికి చిల్లర నోటితోనే లెక్కేసి ఇస్తాడు. కథ చెప్పమంటే అరగంట చెప్తాడు. పుస్తకం తెరిస్తే చెమటలు. 'మ' చూసి 'య' అంటాడు, నిన్న చదివిన మాట ఇవాళ కొత్తది. 'పాణి' అన్న మాటలో 'పా' తీసేస్తే ఏం మిగులుతదిరా అంటే చెప్పలేకపోయాడు. అది వాడి సొంత భాషలో మాట, అందులో రాత లేనే లేదు. మాటల్లోని చప్పుళ్లను విడదీయడంలోనే డిస్లెక్సియా మూలం ఉందని ఫ్రిత్ లాంటివాళ్లు చెప్పేది ఇదే. రోగం పేరు పెట్టడం మా పని కాదు. కానీ ఇది బద్ధకం కాదని ఆ రోజే అర్థమైంది.

మన పిల్లలకు అన్యాయం రెండు వైపులా జరుగుతోందని మా అభిప్రాయం. భాష రాని పిల్లను బుద్ధి మాంద్యం అంటారు. నిజంగా డిస్లెక్సియా ఉన్న పిల్లను "ఎస్టీ పిల్ల, అంతే ఉంటది" అని వదిలేస్తారు. మొదటిది అవమానం అని మనకు వెంటనే తెలుస్తది, కొట్లాడతాం. రెండోదాన్ని మనమే ఒప్పుకుంటాం, మేం ఒప్పుకున్నట్టే.

చట్టం లేదా అంటే ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం, డిస్లెక్సియా రెండూ లేవు. 2016 చట్టంలో 21 వైకల్యాల్లో రెండూ చేరాయి. 40 శాతం అని సర్టిఫికెట్ వస్తే ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థల్లో 5 శాతం సీట్ల కోటా, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కోటా వర్తిస్తాయి. మన సంఘాల్లో ఎస్టీ సర్టిఫికెట్ గురించి మాట్లాడినన్ని సార్లు దీని గురించి ఒక్కసారైనా మాట్లాడినమా?

చిక్కు పరీక్ష దగ్గర వస్తది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో నందిని ఛటర్జీ సింగ్ బృందం భారతీయ భాషల కోసం 'డాలీ' అనే డిస్లెక్సియా పరీక్ష తయారుచేసింది. 2015లో మొదట వచ్చినవి హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు. మంచి పనే, కానీ గోర్ బోలీ, కోయ, గోండీ పిల్లల వంతు ఎప్పుడు? ఆటిజానికి దేశమంతా వాడే 40 ప్రశ్నల భారతీయ కొలమానం మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలోనే తయారైంది. అందులో మొదటి అంశమే కళ్లలోకి చూడకపోవడం. పెద్దల ముందు తల దించుకోమని నేర్పే ఇళ్ల నుంచి వచ్చిన పిల్ల కొత్త ఆఫీసరు ముందు కూర్చుంటే ఏం చేస్తది? చూసేవాళ్లకు మన ఇళ్లు తెలిసి ఉండాలని మాత్రమే అంటున్నం. పరీక్షే వద్దనట్లేదు.

మాతృభాషలో చెప్పడం కుదరదనే వాళ్లకు ఒక్క మాట. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బడి పాఠాలు మొదలయ్యాయి. అంతకు చాలా ముందే గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాశాడు. కుదరకపోవడం కాదు, పట్టించుకోకపోవడం.

రెండోవాడిని ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయినం. పేరు వద్దు. ఇంగ్లీషు పేరా ఇచ్చారు, తెలుగు పేరా ఇచ్చారు. ఇంట్లో ఏం మాట్లాడతారని ఎవరూ అడగలేదు. వాడు నోరు విప్పలేదు. మళ్లీ రమ్మన్నారు. వాళ్ల అమ్మకు ఆ రోజు బేరం పోయింది, తెచ్చిన ఆకుకూర సగం వాడిపోయింది. దారిలో ఆమె అడిగింది ఒక్కటే: "నా కొడుకు పిచ్చోడా అన్నా?" కాదు యాడీ, అన్నం. ఇంకేం చెప్పాలో అప్పుడు మాకు రాలేదు.

వచ్చే సోమవారం మళ్లీ పోవాలి. ఈసారి గోర్ బోలీ వచ్చినవాళ్లం ఒకరం లోపల వాడి పక్కన కూర్చుంటామని ముందే కాగితం రాసి ఇస్తున్నం. ఆ పూట వంతెన మీద కొత్తిమీర బుట్ట దగ్గర మా కోయ తమ్ముడు కూర్చుంటాడు. వాడికి చిల్లర లెక్క అంత బాగా రాదు.