గుర్రాల కొట్టానికొక లెక్క, బర్రెల కొట్టానికొక లెక్కనా?

చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా బీజాపూర్ రోడ్డు వెంట పోతే ఒకప్పుడు కూరగాయల మళ్లు, పూల పాలీహౌస్‌లే కనబడేవి. ఇప్పుడు వాటి నడుమ తెల్లటి గుడ్డ కప్పిన పెద్ద పందిళ్లు కూడా లేస్తున్నాయి. అవి పెండ్లి పందిళ్లు కావు, గుర్రాల కొట్టాలు. అజీజ్‌నగర్ వైపున్న పోలో, గుర్రపు స్వారీ మోజు మెల్లగా ఫాంహౌస్‌లకూ పాకింది.

గుర్రం మీద మాకు కోపం లేదు. మూగజీవికి నీడ కావాల్సిందే. మా కోపమంతా రెండు నాలుకల లెక్క మీద.

ఈ కొట్టాలు ఎట్ల కడతారో చూసినం. ఇనుప పైపులు విల్లులా వంచి నిలబెట్టి, ప్లాస్టిక్ పూత వేసిన మందపాటి గుడ్డను బిగదీస్తారు. గోడ లేదు, స్లాబు లేదు. విప్పి తీసుకుపోవచ్చు కాబట్టి తాత్కాలికమంటారు. లోపలికి పోతే కింద కాంక్రీటు, పక్కన గదులు, మూలకు బోరు. కాగితం మీద మాత్రం అది ఇంకా సాగు భూమే.

మరి మన సంగతి? ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణ కోసం 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి పోయినయి. చెరువులు కాపాడాలంటే మనమూ ఒప్పుకున్నం. కొడుకు పెండ్లికి ఒక గది వేసుకుందామన్నా, బర్రెలకు రేకుల కొట్టం వేద్దామన్నా కాగితాల కోసం మన రైతులు ఆఫీసుల చుట్టూ తిరిగిండ్రు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆంక్షలు సడలిస్తున్నామన్నరు. అప్పటికే ఎంతో భూమి చేతులు మారింది.

ఇంకో బాధ ఉంది. తెలంగాణ వచ్చిన కొత్తలో 75 శాతం రాయితీ అంటే నమ్మి మనోళ్లు పాలీహౌస్‌లు వేసిండ్రు. జర్బెరా పండించిండ్రు. పైన వేసే షీటు మూడు నాలుగేండ్లకు మించి ఆగదు. ఎండాకాలం గాలిదుమారం వస్తే ఒక్క రాత్రిలో చిరిగిపోతది. కొత్త షీటుకు పైసలు లేక, బ్యాంకు కిస్తీ ఆగక, ఇనుప చట్రం ఎండలో నిలబడి ఉంటది. అప్పుడే ఎవరో వచ్చి ‘కౌలుకియ్యి, గుర్రాలు కట్టుకుంటం’ అంటరు. అప్పుల్లో ఉన్న రైతు ఏమంటడు?

ఇచ్చేటోళ్లకు మా మాట: నోటిమాట మీద ఇయ్యకండి. గాలికి చట్రం పడితే ఎవరు భరించాలి, గడువు తీరినంక కాంక్రీటు ఎవరు తవ్వి తీయాలి, పెంట ఎటు పోవాలి, ఈ మూడూ రాయించుకోండి. పెద్ద గుర్రం రోజుకు 20 కిలోల దాకా పెంట వేస్తది, 40 లీటర్ల దాకా నీళ్లు తాగుతది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఇరవై గుర్రాలుంటే రోజుకు 400 కిలోల పెంట. వాగులోకి తోస్తే ఆ మురికి చివరికి పోయేది జంట జలాశయాల్లోకే. కుప్పవేసి బాగా మగ్గబెడితే అదే మన చేనుకు బంగారం. అయితే ఒట్టి చేతులతో ముట్టొద్దు, గుర్రపు పెంటలో ధనుర్వాతం క్రిములుంటయి. టీటీ సూది వేయించుకోండి. ముక్కు కారుతూ, ఒంటి మీద పుండ్లున్న గుర్రం కనబడితే పశువైద్యునికి చెప్పండి. గ్లాండర్స్ అయితే అది మనిషికీ అంటుకుంటది.

సర్కారును అడిగేది మూడే. గుర్రాల కొట్టం కింద ఉన్న భూమిని రికార్డులో ఉన్నదున్నట్టు రాయాలి. ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయల రైతు భరోసా దున్నే భూమికే రావాలి, గుర్రాలు నడిచే కాంక్రీటుకు కాదు. గాలికి చిరిగిన పాలీహౌస్‌లకు మళ్లీ షీటు వేసుకునేందుకు రాయితీ ఇచ్చి, పాత కిస్తీలకు గడువు పెంచాలి. పెంట, మురుగు వాగుల్లో కలవకుండా పంచాయతీలు తనిఖీ చేయాలి, పెద్దోళ్ల గేటు అయినా సరే.

గుడ్డ కప్పినంత మాత్రాన కట్టడం కట్టడం కాకుండా పోదు. మన ఊర్లల్ల ఎన్ని లేచినయో, ఏ సర్వే నంబర్లలో ఉన్నయో గ్రామ కమిటీలు రాసి వచ్చే మండల సమావేశానికి తీసుకురండి. లెక్క చేతిలో ఉంటేనే తహసీల్దారు ముందు మన నోరు లేస్తది.